ఫోన్‌కి హార్డ్ డిస్క్ పెడితే తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?

మద్దిలపాలెం_మాధవి
అందరికీ నమస్తే. మా ఇంట్లో ల్యాప్‌టాప్ పోయిన నెల పాడైపోయింది. రిపేరుకిచ్చిన చోట మదర్‌బోర్డు పోయిందంటున్నారు, ఎంతవుతుందో మాత్రం చెప్పడం లేదు. దాని సంగతి తర్వాత. ఇంట్లో ఫొటోలు, చెల్లి పెళ్ళి వీడియోలు అన్నీ ఒక 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వచ్చే ఆదివారం అమ్మ సంవత్సరీకం. ఫ్రేము కట్టించడానికి అందులోంచి ఒక్క ఫొటో కావాలి. సింహాచలం కొండ మీద తీసింది, నవ్వుతూ ఉంటుంది.
ఫోన్‌కి పెట్టుకోవచ్చని ఎవరో చెబితే 40 రూపాయలు పెట్టి చిన్న ఓటీజీ ముక్క (పెన్‌డ్రైవ్ లాంటివి ఫోన్‌కి తగిలించే అడాప్టర్) కొన్నాను. ఫోన్ టైప్-సి. హార్డ్ డిస్క్ గుచ్చితే ఏమీ రావడం లేదు. పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే. ఫోన్ పాడైందా, ముక్క పాడైందా, డిస్కే పోయిందా? డిస్క్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

గాజువాక_కుర్రోడు
ముక్క మార్చండక్కా. 40 రూపాయలకి ఏటొస్తుంది చెప్పండి.

సీతమ్మధార_సోల్డరింగ్
ముక్క మీద అప్పుడే నేరం మోపొద్దు. మాధవి గారూ, డిస్క్ పక్కన పెట్టేయండి. ఇంట్లో వైరు ఉన్న మామూలు మౌస్ ఉందా? అది గుచ్చి చూడండి. తెర మీద బాణం గుర్తు వచ్చిందంటే ఫోన్ బాగుంది, ముక్క బాగుంది. మౌస్‌కి కరెంటు చాలా తక్కువ చాలు, ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ళు అమర్చే పద్ధతి) గొడవ అసలే లేదు. అందుకే నేను ఏ ఫోన్ చూసినా ముందు మౌస్‌తోనే మొదలుపెడతాను. హార్డ్ డిస్క్‌తో మొదలుపెడితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

మద్దిలపాలెం_మాధవి
ల్యాప్‌టాప్ మౌస్ ఉంది. పెట్టాను. బాణం రాలేదు. మౌస్ కింద ఎర్ర లైటు కూడా వెలగలేదు.

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
లైటే వెలగలేదంటే ఫోన్ నుంచి కరెంటు బయటకు రావడం లేదు. సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట 'ఓటీజీ' అని కొట్టండి. ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలా మోడళ్ళకి దీనికి విడిగా ఒక మీట ఉంటుంది. అది ఆన్ చేస్తేనే పోర్టులోంచి కరెంటు వస్తుంది. శాంసంగ్, పిక్సెల్ లాంటి వాటిలో ఈ పని ఉండదు, గుచ్చగానే తీసుకుంటాయి. ఇంకొక మెలిక: ఓ 10 నిమిషాలు ఏమీ పెట్టకపోతే ఆ మీట దానంతటదే ఆఫ్ అయిపోతుంది. బ్యాటరీ ఆదా కోసమట. నిన్న ఆన్ చేశాను కదా అనుకుంటే కుదరదు.

మద్దిలపాలెం_మాధవి
వచ్చింది! బాణం వచ్చింది!! 'అదనపు సెట్టింగులు' లోపల ఎక్కడో దాక్కుని ఉంది ఆ మీట. పెన్‌డ్రైవ్ కూడా ఫైల్స్ యాప్‌లో కనిపిస్తోంది. నాన్న మౌస్ పట్టుకుని ఫోన్‌లో యూట్యూబ్ చూస్తున్నారు, ఇవ్వడం లేదు.
కానీ హార్డ్ డిస్క్ మాత్రం ఇంకా తెరుచుకోవడం లేదు. నీలం లైటు ఒకసారి వెలుగుతుంది, లోపల టిక్ టిక్ మంటుంది, ఆరిపోతుంది. మళ్ళీ వెలుగుతుంది. నాలుగుసార్లు చూశాను.

సీతమ్మధార_సోల్డరింగ్
ఐదోసారి చూడకండి. ఆ టిక్ టిక్ మంచిది కాదు. లోపల పళ్ళెం తిరగడం మొదలుపెట్టి, కరెంటు చాలక ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా చదివే ముల్లు వెనక్కి వెళ్ళి పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. పాత డిస్క్‌ని అలా ఆడించకూడదు.
లెక్క ఇదీ. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. 3.0 అయితే 900. పెన్‌డ్రైవ్‌కి, మౌస్‌కి ఇది బోలెడు. తిరిగే హార్డ్ డిస్క్ ఒకసారి తిరగడం మొదలయ్యాక తక్కువే తాగుతుంది గానీ, ఆ మొదటి రెండు మూడు సెకన్లు 1 ఆంపియరు దాకా అడుగుతుంది. కంప్యూటర్ పోర్టు ఎలాగో లాక్కొస్తుంది. ఫోన్ 'నావల్ల కాదు' అని కట్ చేసేస్తుంది. డిస్క్ పోయిందని అప్పుడే అనుకోకండి.

బీచ్‌రోడ్డు_మురీమిక్చర్
ఈ వైర్ల గోలంతా ఎందుకండీ. గూగుల్ ఫొటోస్‌లో పెట్టుకుని ఉంటే ఎక్కడైనా చూసుకునేవారు. హాయిగా.

గాజువాక_కుర్రోడు
అన్నా, ఎక్కించాలంటే ముందు డిస్క్ తెరుచుకోవాలి కదా. పైగా ఫ్రీగా వచ్చేది 15 జీబీ. ఎంతైనా ఫ్రీ అన్న రోజులు 2021 జూన్ 1తో పోయాయి. పెళ్ళి వీడియో ఒక్కటే ఆ 15 జీబీని మింగేస్తుంది.

ఉక్కునగరం_పెద్దాయన
అమ్మా మాధవీ, మీ ఇంట్లో స్మార్ట్ టీవీ ఉందా? ఆ డిస్క్ టీవీ వెనక యూఎస్‌బీలో పెట్టి చూడు. కొన్ని టీవీలకి ఒక పోర్టు పక్కన హెచ్‌డీడీ అని రాసి ఉంటుంది, అందులో పెట్టు. టీవీ కరెంటు బాగా ఇస్తుంది. ఫొటోలు తెర మీద కనిపిస్తే డిస్క్ బతికే ఉన్నట్టు, నీ టెన్షన్ సగం పోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ, రికార్డింగ్ కోసం ఫార్మాట్ చేయమంటావా అని టీవీ అడిగితే వద్దను.
కుర్రాళ్ళకి ఓటీజీ అంటే కొత్తగా ఉందేమో. ఆ ప్రమాణం 2001లోనే వచ్చింది. ఆండ్రాయిడ్‌లో యాప్‌లకి ఆ దారి తెరిచింది 2011లో, 3.1 వెర్షన్‌తో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి మాకు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, మా అమ్మాయి ఫోన్ నుంచి నా ఫోన్‌కి ఓటీజీ తీగతోనే 10 శాతం ఛార్జింగ్ ఎక్కించుకున్నాను. ఆమె ఇప్పటికీ ఆ 10 శాతం అడుగుతుంది.

మద్దిలపాలెం_మాధవి
మాష్టారూ, మీకు దండం. టీవీలో కనిపిస్తున్నాయి. అమ్మ ఫొటో కూడా కనిపించింది. కాసేపు ముగ్గురం అలా కూర్చుండిపోయాం.
కానీ టీవీలోంచి ఫోన్‌లోకి ఎలా తెచ్చుకోవడం? టీవీ తెరని ఫోన్‌తో ఫొటో తీశాను, గీతలు గీతలుగా వచ్చింది.

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
ఫ్రేముకి ఆ ఫొటో పనికిరాదండీ. ఇప్పుడు మీకు కావలసింది పవర్డ్ హబ్, అంటే విడిగా అడాప్టర్ గుచ్చుకునే హబ్. డిస్క్‌కి కరెంటు గోడలోంచి వస్తుంది, ఫోన్ డేటా మాత్రం చూసుకుంటుంది. కొనేటప్పుడు 'నాలుగు పోర్టులు' అని చూసి తెచ్చుకోకండి. పక్కన అడాప్టర్ పెట్టే చిల్లు ఉందో లేదో చూడాలి. లేనిది తెస్తే ఫోన్ ఇచ్చే ఆ కాస్త కరెంటునే నలుగురికి పంచుతుంది.

సీతమ్మధార_సోల్డరింగ్
కొనక్కర్లేదు, నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది. రేపు సాయంత్రం మద్దిలపాలెం బస్టాప్ దగ్గర ఇస్తాను. మెసేజ్ పెట్టండి.

కొండవాలు_ఉద్యోగి
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. 10 నిమిషాలకి ఓటీజీ ఆఫ్ అవుతుందన్న మాట చదివి తల బాదుకున్నాను. ప్రతి నెలా 1వ తారీఖున పెన్షన్లకి వేలిముద్రల మెషీను ఫోన్‌కి పెట్టుకుని కంచరపాలెం వైపు కొండ ఎక్కుతాం. ఒక ఇల్లు అవుతుంది, మెట్లు ఎక్కి ఇంకో ఇంటికి వెళ్ళి గుచ్చితే మెషీను లైటు వెలగదు. 'డివైస్ దొరకలేదు' అంటుంది. మెషీను పాడైందని మూడుసార్లు మార్పించాను. పాపం ఆ మెషీన్లది ఏ తప్పూ లేదన్నమాట!
దారిలో మెషీను తీసి జేబులో పెట్టుకుంటాను. అందుకే ఆఫ్ అవుతోందా?

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
అదే కారణం అయి ఉంటుంది. ఏమీ గుచ్చి లేనప్పుడే ఆ 10 నిమిషాల లెక్క మొదలవుతుంది. రెండు దారులు. నోటిఫికేషన్ తెర కిందికి లాగితే వచ్చే బొమ్మల్లో ఓటీజీ మీటని ముందు వరసలోకి తెచ్చుకోండి, ప్రతి ఇంటి గుమ్మంలో ఒక్క నొక్కు చాలు. లేదా మెషీను తీయకుండా అలాగే పట్టుకుని నడవండి, కాకపోతే బ్యాటరీ కాస్త తింటుంది.
ఇంకొకటి. మెషీను పెట్టగానే 'ఈ యాప్‌కి యూఎస్‌బీ పరికరం వాడుకునే అనుమతి ఇవ్వాలా' అని ఒక పెట్టె వస్తుంది కదా, అందులో ఎప్పుడూ ఇదే తెరవాలి అన్న గడిలో టిక్ పెట్టి, ఆర్డీ సర్వీస్ యాప్‌కి (వేలిముద్రల మెషీనుని నడిపేది) సరే అనండి. హడావుడిలో చాలామంది రద్దు నొక్కేస్తారు. అప్పుడు లైటు వెలుగుతూనే ఉంటుంది, వేలిముద్ర మాత్రం పడదు.

కొండవాలు_ఉద్యోగి
1వ తారీఖున చూసి చెబుతాను. వేళ్ళ గీతలు అరిగిపోయిన ముసలమ్మల సంగతి వేరు, దానికి ఏ మీటా లేదు.

భీమిలి_వంటిల్లు
నాదీ ఒక ప్రశ్న. నాకు ఛార్జర్ గుచ్చినా, పెన్‌డ్రైవ్ గుచ్చినా నీటి బొట్టు బొమ్మ వస్తోంది. పోర్టులో తేమ ఉందంటుంది. ఫోన్ నీళ్ళలో పడలేదు, ఒట్టు. ఊది చూశాను, బియ్యంలో పెట్టాను.

సీతమ్మధార_సోల్డరింగ్
భీమిలిలో ఉంటూ నీళ్ళలో పడలేదంటే సరిపోతుందా అండీ, గాలే నీళ్ళు అక్కడ. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో బీచ్ పక్కన ఉండేవాళ్ళవి వెంటనే గుర్తుపడతాను, పోర్టులో పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఉప్పు తేమని పట్టుకుని వదలదు. టైప్-సిలో 24 పిన్నులు, ఒకదానికొకటి అర మిల్లీమీటరు దూరం. మధ్యలో ఉప్పు పొర ఒక్కటి చాలు, నీళ్ళున్నాయని ఫోన్ అనుకోవడానికి.
ఊదడం మానేయండి, మీ ఊపిరిలో తేమ ఉంటుంది. బియ్యం పిండి లోపలికి పోతుంది. పిన్నీసు అసలు పెట్టొద్దు. ఫోన్ ఆఫ్ చేసి, ఫ్యాను గాలికి పోర్టు కిందికి ఉండేలా పెట్టండి. ఆరాక కూడా బొమ్మ వస్తుంటే లోపల దూదిలాంటి చెత్త ఉందేమో చూసి, చెక్క పుల్లతో మెల్లగా తీయండి. చిలుము కనిపిస్తే ఇంట్లో గోకకండి, శుభ్రం చేయించండి. బొమ్మ ఉండగా బలవంతంగా ఛార్జింగ్ పెడితే పిన్ను కాలుతుంది.

గాజువాక_కుర్రోడు
ఓటీజీ ఎక్కువ వాడితే బ్యాటరీ ఉబ్బుతుందంటారు, నిజమేనా అన్నా?

సీతమ్మధార_సోల్డరింగ్
కాదు. బ్యాటరీ త్వరగా దిగుతుంది, అంతే. వీడియో చూసినా దిగుతుంది.

అగనంపూడి_ఆర్డుయినో
ఇంజనీరింగ్ పిల్లల కోసం ఒక మాట. ఓటీజీ ముక్కలో పెద్ద బ్రహ్మ విద్య ఏమీ లేదు. పాత మైక్రో యూఎస్‌బీలో మామూలు నాలుగు పిన్నులు కాక అదనంగా ఒక పిన్ను ఉండేది, దాన్ని గ్రౌండ్‌కి కలిపితే 'నేను ఇప్పుడు యజమానిని' అని ఫోన్‌కి అర్థమయ్యేది. టైప్-సిలో ఆ పని సీసీ పిన్నులు చేస్తాయి. ముక్కలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది, అది చూసి ఫోన్ కరెంటు బయటికి పంపుతుంది. మా ప్రాజెక్టుకి ల్యాప్‌టాప్ లేనప్పుడు ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుని ఫోన్‌కే పెట్టి సీరియల్ టెర్మినల్ యాప్‌లో రీడింగులు చూసేవాళ్ళం. సీహెచ్340 చిప్ ఉన్న చవక బోర్డులు కూడా పనిచేశాయి. హాస్టల్లో కరెంటు పోయినా ప్రాజెక్టు ఆగలేదు.

బీచ్‌రోడ్డు_మురీమిక్చర్
ఇదంతా చదివాక నాకు ఒక ఐడియా వచ్చింది. మా తమ్ముడి ఫోన్ రామకృష్ణా బీచ్‌లో బండి మీద నుంచి పడి టచ్ పోయింది. బొమ్మ కనిపిస్తోంది, వేలు పెడితే పలకదు. మౌస్ పెడితే లాక్ తీయొచ్చా?

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
తీయొచ్చు. ప్యాటర్న్ అయితే మౌస్ బటన్ నొక్కి పట్టుకుని గీయండి. ఫోన్‌కి మీట ఉన్న రకం అయితే మాత్రం ఇబ్బంది, మీట ఆన్ చేయాలంటేనే టచ్ కావాలి. దాని కోసమే టచ్ బాగున్న రోజుల్లో ఒకసారి మౌస్ పెట్టి చూసుకోమంటాను. తెర పూర్తిగా నల్లబడిపోతే మౌస్ ఒక్కటీ చాలదు, బొమ్మ బయటికి పంపే టైప్-సి ఉండాలి. అది చవక ఫోన్లలో సాధారణంగా ఉండదు.

మద్దిలపాలెం_మాధవి
హబ్ అందింది, సోల్డరింగ్ గారికి థాంక్స్. అడాప్టర్ గుచ్చి, డిస్క్ పెట్టి, ఫోన్‌కి కలిపాను. డిస్క్ చక్కగా తిరుగుతోంది, టిక్ టిక్ లేదు. ఇంతలో ఫోన్‌లో 'ఈ డ్రైవ్‌కి ఈ ఫోన్‌లో సపోర్ట్ లేదు, సెటప్ చేయడానికి నొక్కండి' అని వచ్చింది. నొక్కితే 'ఫార్మాట్' అని ఒకే ఒక్క బటన్ ఉంది. నొక్కేయనా?

సీతమ్మధార_సోల్డరింగ్
వద్దు!!

ఉక్కునగరం_పెద్దాయన
వద్దమ్మా, వద్దు. వెనక్కి వచ్చేయ్. తీగ పీకేయ్.

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
నొక్కారా?? చెప్పండి.

మద్దిలపాలెం_మాధవి
నొక్కలేదు. నాన్న చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్కా అర్థమైంది, ఆఫీసులో ఒకసారి దెబ్బ తిన్నారట.

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
నాన్నగారికి నా నమస్కారాలు. ఆ మాట వింటే అదేదో రిపేరులా ఉంటుంది గానీ, అది మొత్తం తుడిచేస్తుంది. మీ డిస్క్‌కి ఏ జబ్బూ లేదు. విండోస్‌లో వాడింది కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండి ఉంటుంది. మీ టీవీకి ఆ భాష వచ్చు, మీ ఫోన్‌కి రాదు. చాలా ఫోన్లకి రాదు. ఫ్యాట్32 అన్ని ఫోన్లూ చదువుతాయి, కానీ అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియో అక్కడే ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ ఇబ్బంది లేదు, ఈమధ్య ఫోన్లు చాలావరకు చదువుతాయి.
మీకు ఇప్పుడు కావలసింది ఒక్క ఫొటోనే కాబట్టి, పారగాన్ వాళ్ళ యూఎస్‌బీ యాప్ ప్లేస్టోర్‌లో ఉంటుంది, అది ఎన్‌టీఎఫ్‌ఎస్ చదువుతుంది. డిస్క్ పెట్టినప్పుడు ఆ యాప్‌కి అనుమతి ఇవ్వండి, పక్కన ఫోన్ ఇచ్చే ఫార్మాట్ నోటిఫికేషన్‌ని పట్టించుకోకండి. ఫొటోని ఫోన్‌లోకి కాపీ చేయండి. డిస్క్ మీద ఏమీ రాయకండి, ఏమీ చెరపకండి.

పెందుర్తి_పెళ్ళికెమెరా
కాపీ అయ్యాక తీగ లాగేయకుండా నోటిఫికేషన్‌లో 'ఎజెక్ట్' నొక్కి తీయండి. నేను రుషికొండలో ఒక ప్రీవెడ్డింగ్ షూట్ అయ్యాక కార్డు రీడర్ ఫోన్‌కి పెట్టి, రెండు ఫొటోలు క్లయింటుకి పంపి, హడావుడిగా లాగేశాను. కార్డు మళ్ళీ తెరుచుకోలేదు. రికవరీకి రెండు రాత్రులు పట్టింది. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లలో రాస్తూ ఉండగా లాగితే సరిచేసుకునే పద్దు పుస్తకం ఉండదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఉంటుంది. అప్పటి నుంచి కార్డులు ఫోన్‌కి పెట్టేటప్పుడు పక్కనున్న లాక్ మీట కిందికి దించి పెడుతున్నాను. చదవడమే, రాయడం లేదు.

మద్దిలపాలెం_మాధవి
వచ్చింది. ఫొటో నా ఫోన్‌లో ఉంది. ఇప్పుడే డాబాగార్డెన్స్‌లో ఫ్రేము కట్టేవాళ్ళకి వాట్సాప్‌లో పంపాను.

పెందుర్తి_పెళ్ళికెమెరా
అయ్యో, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిపేస్తుందమ్మా. డాక్యుమెంట్‌గా పంపండి. లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, ఇప్పుడు మీకు పెట్టడం వచ్చు కదా.

మద్దిలపాలెం_మాధవి
మళ్ళీ డాక్యుమెంట్‌గా పంపాను. 12 బై 18 వేస్తే బాగుంటుందన్నారు.

గాజువాక_కుర్రోడు
అక్కా మిగతా డిస్క్ అంతా ఇలాగే ఫోన్‌లోంచి కాపీ చేసేయండి మరి.

అక్కయ్యపాలెం_ఆండ్రాయిడ్
ఎంత ఉందో చూడాలి తమ్ముడూ. చాలా ఫోన్లలో టైప్-సి ఉన్నా లోపల యూఎస్‌బీ 2.0 వేగమే. కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకి 30, 40 మెగాబైట్లు. 400 జీబీ అంటే మూడు, నాలుగు గంటల పని, అదీ మధ్యలో ఆగకపోతే. ఫోన్‌లో అంత చోటు ఎక్కడిది? ఎవరిదైనా ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయడం నయం. ఆ రెండోది ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకుంటే ఫోన్‌కీ పనికొస్తుంది. తిరిగే డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీ అయితే చాలాసార్లు హబ్ కూడా అక్కర్లేదు.

మద్దిలపాలెం_మాధవి
మా పిన్ని కొడుకు వచ్చే వారం ల్యాప్‌టాప్ తెస్తానన్నాడు. సోల్డరింగ్ గారూ, మీ హబ్ ఎప్పుడు తెచ్చివ్వమంటారు? ఆదివారం మీరు భోజనానికి రావాలని నాన్న చెప్పమన్నారు. పెద్దాయన గారిని కూడా.

సీతమ్మధార_సోల్డరింగ్
ఆదివారం వస్తానండీ. హబ్ మాత్రం రెండో డిస్క్‌లోకి కాపీ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి.

ఉక్కునగరం_పెద్దాయన
నేనూ వస్తాను. మా అమ్మాయిని తీసుకొస్తాను, ఆ 10 శాతం సంగతి అక్కడ తేల్చుకుంటాం.